గేటు వార్డులో నలభై మూడు సున్నాలు

మా పార్టీ ఏం నమ్ముతుందో రాసేది నేనే. పద్దెనిమిదేళ్ళుగా అదే ఉద్యోగం. ఎవరైనా అడిగితే పార్టీ ఆఫీసులో రాతపని అని చెప్తాను గానీ, పని అంతకంటే సున్నితమైంది. పొద్దున్నే పెద్దాయన గదిలోంచి ఒక చీటీ వస్తుంది. పెద్దాయనంటే మా పార్టీకి పెద్ద, మా ఊరి కౌన్సిలుకి ఎప్పుడూ నిలబడే అభ్యర్థి. ఆ చీటీలో ఇవాళ్టి నుంచి మనం దేన్ని నమ్మాలో నాలుగు ముక్కలుంటాయి. ఆ నాలుగు ముక్కల్ని రెండు పేజీలు చేసి, పుట్టినప్పటి నుంచీ మనం దాన్నే నమ్ముతున్నట్టు రాయాలి. పాత కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం కూడా నా పనే. ఆ బీరువా తెరవమని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

ఇందులో నాకు తప్పేమీ కనిపించేది కాదు, ముందే చెప్తున్నాను. ఒక ఏడాది బస్సు చార్జీలు పెంచక తప్పదని రాశాను, మరుసటి ఏడాది పెంచినవాళ్ళని నిలదీస్తూ రాశాను. రెండూ బాగా వచ్చాయి. నాకు ముక్కుమీద కోపమని ఇంట్లో అందరూ అంటారు, నిజమే. కానీ ఆ కోపాన్ని గొడుగుతో పాటు ఆఫీసు గుమ్మం బయటే వదిలి లోపలికి వెళ్ళేదాన్ని. సాయంత్రం రెండూ తీసుకుని ఇంటికి పోయేదాన్ని.

మా అక్కకి రైల్వే గేటు పక్కన కొట్టుంది. చిన్న కుట్టుపని కొట్టు, ఒక మిషను, ఒక స్టూలు, గోడకి బొత్తాల సీసాలు. పైన బోర్డు మీద "గేటు లేచేలోపు ఇస్తాం" అని ఒక్క ముక్కే ఉంటుంది. వేరే పేరు లేదు. గేటు పడుతుంది, బళ్ళు ఆగుతాయి, జనం ఇంజన్లు ఆపుకుని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటారు. సరిగ్గా అప్పుడు గుర్తొస్తుంది వాళ్ళకి, చొక్కాకి రెండో బొత్తాం లేదనీ, సంచీ జిప్పు రన్నర్ ఊడిందనీ, ప్యాంటు అంచు విడిపోయి మడమ కింద పడుతోందనీ. దిగి అక్క దగ్గరకి వస్తారు. అక్క ముందు సిగ్నల్ వంక చూస్తుంది. గూడ్సు అయితే అంచు కుడుతుంది. ప్యాసింజరయితే బొత్తాం తప్ప ఇంకేదీ ఒప్పుకోదు. చొక్కా విప్పమనదు, ఒంటి మీదే కుట్టేస్తుంది. గేటు గంట మోగేసరికి దారం తెంపుతుంది.

గేటు రోజుకి పద్నాలుగు సార్లు పడుతుంది. ఆ పద్నాలుగు సార్ల మీదే ఆ ఇల్లు నడుస్తోంది. మా బావ మిల్లులో తూకం గుమాస్తాగా ఉండేవాడు. మిల్లు మూతపడి ఆరేళ్ళయింది. అప్పటి నుంచి ఆయన కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంటాడు. అదే ఆయన పని. ఆ బెంచీ మీద ఇంకో ముగ్గురు నలుగురు చేరతారు, వాచీల రిపేరతనూ వాళ్ళూ. పొద్దుగూకేదాకా కబుర్లు.

ఇక గొడవంతా ఏమిటంటే, గేటు తీసేసి వంతెన కట్టాలా వద్దా అని. వంతెన వస్తే బళ్ళు పైనుంచి పోతాయి. అక్క కొట్టుని ఎవరూ కూల్చరు, దాని జోలికే ఎవరూ రారు. ఆగేవాళ్ళు ఉండరు, అంతే.

మొదట్లో మా పార్టీది గేటు. ఎదుటి పార్టీది వంతెన. "గేటు దగ్గర చిన్న కొట్లే ఈ ఊరికి ఊపిరి" అని నేనే రాశాను. పద్దెనిమిదేళ్ళలో నేను మనసుపెట్టి రాసిన కాగితం అదొక్కటే. నాలుగు వేలు అచ్చు వేయించారు. అక్క ఒకటి తీసుకెళ్ళి కొట్లో మిషను పక్కన గోడకి అంటించింది.

"ఏమే, ఇది నువ్వే రాశావా?" అంది.

"నేనే."

"బాగా రాశావే. ఇంత బుద్ధి ఉందని నాకు తెలీదు" అంది. మా అక్క మెచ్చుకోవడమంటే అలాగే ఉంటుంది.

కిందటిసారి మేము ఈ గేటు ఉన్న వార్డులో అరవై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయాం. అందుకని ఈసారి సర్వేలకి ఒకాయన్ని పెట్టుకున్నారు. ఆయన్ని అందరూ లెక్కల మాష్టారు అంటారు. నిజంగా మాష్టారేమీ కాదు, కానీ ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో పెన్సిలుతో బల్ల మీద కొడతాడు. ఆయన మాకు పద్ధతి నేర్పాడు. ఓటర్ల జాబితా తీసుకో. మనకే వేసేవాళ్ళ పేరు పక్కన టిక్కు. ఛస్తే వేయనివాళ్ళ పక్కన ఇంటూ. "చూద్దాం" అనేవాళ్ళ పక్కన సున్నా.

"టిక్కు పెట్టిన ఇంటికి మళ్ళీ వెళ్ళొద్దు. ఇంటూ పెట్టిన ఇంటికీ వెళ్ళొద్దు. రెండూ కాళ్ళకి శ్రమ" అన్నాడు మాష్టారు. "ఎన్నికలంటే సున్నాలే. సున్నాలేం అడిగితే మనం అది."

"మరి టిక్కులు అడిగితే?" అన్నాను.

"టిక్కులెందుకమ్మా అడుగుతారు?" అని పెన్సిలు కొట్టాడు.

నాకు సబబుగానే తోచింది. ఎదుటి పార్టీవాళ్ళకీ ఒక మాష్టారున్నాడు, వాళ్ళదీ అదే పద్ధతి. మనుషులు తక్కువై మొదటి విడత ఇళ్ళు నేనూ తిరిగాను. గేటు వార్డు నాకే పడింది. సాయంత్రానికి టిక్కులూ ఇంటూలూ పోను నలభై మూడు సున్నాలు తేలాయి. ఆ వారం నుంచి మా పార్టీ మొత్తం ఆ నలభై ముగ్గురి చుట్టూ తిరిగింది. ఎదుటి పార్టీ కూడా వాళ్ళ చుట్టూనే తిరిగింది. మిగతా రెండు వేల మంది తమ బతుకు తాము బతికారు.

మూడో వారంలో పొద్దున్నే చీటీ వచ్చింది. విప్పి చూస్తే "వంతెన. వెంటనే." అని ఉంది.

రెండుసార్లు చదివాను. తర్వాత లెక్కల మాష్టారి గదికి వెళ్ళాను. గొడుగు బయట ఉన్నా కోపం మాత్రం నాతోనే వచ్చింది.

"ఏంటి మాష్టారూ ఇది? మొన్నటిదాకా గేటు ఊపిరన్నాం కదా?"

"నలభై మూడు సున్నాలు అడిగాం. నలభై ఒక్కరు వంతెన కావాలన్నారు" అన్నాడు ఆయన. "వైఖరి మార్చుకోవడమనకు. పరిణతి అని రాయి."

రాశాను. రాయనని చెప్పి చీటీ ఆయన మొహాన కొట్టి వచ్చి ఉంటే ఇప్పుడీ కథ చెప్పడానికి నాకు మంచి మొహం ఉండేది. రాశాను. "ఊపిరి" అన్నచోట "అడ్డంకి" పెట్టాను. అరపూటలో అయిపోయింది.

మధ్యాహ్నం అక్క కొట్టుకి వెళ్ళాను, ఎలా చెప్పాలా అని నీళ్ళు నములుతూ. నేను చెప్పక్కర్లేకపోయింది. గేటు పడి ఉంది. ఎదుటి పార్టీ మైకు బండి అక్కడే ఆగి ఉంది. మొన్నటిదాకా అదే గొంతు "వంతెన మన హక్కు" అని చెవులు చిల్లులు పడేలా అరిచేది. ఇప్పుడు అదే గొంతు, అదే ఊపుతో, "గేటు మన హక్కు, చిరువ్యాపారుల పొట్ట కొట్టకండి" అంటోంది. బండి డ్రైవరు ఏ మాటా చెవిన పడనట్టు దినపత్రిక చదువుకుంటున్నాడు.

నాకు మతి పోయింది. మేము వాళ్ళ మాట ఎత్తుకున్నాం, వాళ్ళు మా మాట ఎత్తుకున్నారు. అదీ ఒకే వారంలో. అవే నలభై ముగ్గురు మాతో వంతెన కావాలని, వాళ్ళతో గేటు కావాలని చెప్పారన్నమాట. ఒక ఊళ్ళో ఇద్దరు ముగ్గురు అలాంటి రెండు నాల్కల వాళ్ళుంటారు, ఒప్పుకుంటాను. నలభై మంది ఎక్కడి నుంచి వస్తారు?

ఆఫీసుకి తిరిగొచ్చి గేటు వార్డు జాబితా తీశాను. సున్నాలన్నీ వరసగా చూసుకుంటూ పోతే మా బావ పేరు తగిలింది. ఆయన పక్కన సున్నా, గుండ్రంగా, నిండుగా ఉంది. పెట్టింది నేనే. అప్పుడు ఆయన "చూద్దాం మరదలా" అంటే వేళాకోళమనుకుని నవ్వుకుంటూ పెట్టాను. ఆయన తర్వాత సున్నాలు వాచీల రిపేరతను, ఆయన తమ్ముడు, ఆ పక్కింటి వాళ్ళు. ఆ బెంచీ మీద కూర్చునేవాళ్ళూ, వాళ్ళకి తెలిసినవాళ్ళూ, వాళ్ళ చుట్టాలూ.

మా బావ పేరు కిందే మా అక్క పేరుంది. పక్కన టిక్కు. అదీ నా చేత్తో పెట్టిందే. మొదటి రోజు అక్కని అడిగితే తల కూడా ఎత్తకుండా, "మీకే వేస్తానే. గేటు ఉంచుతామన్నది మీరేగా" అంది. ఇంకేం, టిక్కు కొట్టాను. ఆ టిక్కు తర్వాత ఆ గుమ్మానికి మా పార్టీ నుంచి ఒక్కరూ అక్క కోసం వెళ్ళలేదు. వెళ్ళిన వాళ్ళంతా గుమ్మం బయట బెంచీ దగ్గరే ఆగిపోయారు, మా బావ కోసం.

మర్నాడు బావని బెంచీ మీంచి లేపి కొట్టు వెనక్కి తీసుకెళ్ళాను.

"బావా, నిజం చెప్పు. మా వాళ్ళు వస్తే ఏం చెప్పావు?"

"ఏముంది, గేటు వల్ల ఇబ్బందిగా ఉంది, వంతెన ఉంటే బాగుండు అన్నాను."

"వాళ్ళ పార్టీ వాళ్ళు వస్తే?"

"పాపం ఈ కొట్లేమవుతాయి, గేటు ఉంటేనే మంచిది కదా అన్నాను."

"ఎందుకలా?"

బావ చొక్కా అంచు సవరించుకున్నాడు. "మరదలా, నువ్వే చెప్పు. అప్పట్లో మీ పార్టీ గేటు అంటోంది. నేనూ గేటు అన్నాననుకో, సరే అని టిక్కు కొట్టుకుని పోతారు. మళ్ళీ ఎందుకు వస్తారు?"

"రాకపోతే ఏం?"

"మీ మనిషొచ్చాడా, పక్క షాపులోంచి తనే కుర్చీ తెప్పించి వేసుకున్నాడు. నా ఎదురుగా కూర్చున్నాడు. పుస్తకం తీశాడు. 'మీ అభిప్రాయం ఏంటండీ' అన్నాడు. నేను చెప్తుంటే రాసుకున్నాడే! మిల్లు మూసేశాక నన్ను ఎవరు ఏం అడిగారు? మీ అక్క, ఇవాళ కూరేం వండనని కూడా అడగదు."

"అడిగితే 'నీ ఇష్టం' అంటావు కాబట్టి అడగదు."

"అది వేరే సంగతి" అన్నాడు బావ. "వారానికి రెండుసార్లు మీవాళ్ళు, రెండుసార్లు అవతలివాళ్ళు. ఇద్దరూ నన్ను 'సార్' అంటున్నారు. ఏనుగెక్కినట్టుంది. బెంచీ మీద వాళ్ళు చూసి, మాకూ చెప్పండి కిటుకు అన్నారు. చెప్పాను. ఏ పార్టీ వస్తే దానికి అడ్డంగా మాట్లాడండి, చివర్న 'చూద్దాం' అనండి, మళ్ళీ మళ్ళీ వస్తారు అన్నాను. అందరికీ బాగా పనిచేసింది."

నేను తల బాదుకున్నాను. నిజంగానే బాదుకున్నాను, గోడకి ఆనుకుని ఉన్న బొత్తాల డబ్బా కిందపడింది.

"కొంప ముంచావు కదయ్యా! నువ్వు చెప్పిన కబుర్లకి రెండు పార్టీలు ఊరి వంతెనని అటూ ఇటూ విసురుకుంటున్నాయి. అక్కడ మా ఎన్నికల హామీల పుస్తకం అచ్చుకి పోతోంది. వంతెన వస్తే నీ పెళ్ళాం కొట్టు ముందు ఎవడాగుతాడు? సొంత ఇంటి నోటికాడి కూడు నువ్వే తీస్తున్నావు, తెలుస్తోందా?"

బావ తెల్లమొహం వేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు తిట్టడం తేలికయ్యేది.

"నేను మాటలే కదా చెప్పాను" అన్నాడు నెమ్మదిగా. "నేను చెప్తే వాళ్ళు నిజంగా చేస్తారని నాకేం తెలుసు? ఇంతవరకూ నేను చెప్పింది ఎవడు చేశాడు కనక?"

ఇద్దరం కిందపడ్డ బొత్తాలు ఏరాం.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు.

"ఏ పార్టీ వచ్చినా ఒకటే చెప్పు. గేటు కావాలి, అంతే. చూద్దాం లేదు, గీద్దాం లేదు."

"అలా చెప్తే మళ్ళీ రారుగా" అన్నాడు. అని, కొట్లో మిషను చప్పుడు వింటూ కాసేపు నిలబడ్డాడు. "సర్లే. చెప్తాను."

చెప్పాడు. ఆ మాట నిలబెట్టుకోవడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ గురువారం మా వాళ్ళు వచ్చి కుర్చీ వేసుకుంటే, "నాకు గేటే కావాలండీ. నా భార్య కొట్టు దీని మీదే నడుస్తోంది. మీరు వంతెన అంటే మీకు వెయ్యను" అన్నాడట. మా వాళ్ళు ఇంటూ పెట్టుకుని, కుర్చీ పక్క షాపుకి తిరిగిచ్చేసి పోయారు. శుక్రవారం ఎదుటి పార్టీ వచ్చింది. వాళ్ళకీ అదే చెప్పాడు. వాళ్ళది అప్పుడు గేటే కాబట్టి చాలా సంతోషపడి, టిక్కు పెట్టుకుని, వాళ్ళూ పోయారు. ఆరేళ్ళలో మొట్టమొదటిసారి ఆయన తన మనసులో మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు, ఆ దెబ్బతో రెండు జాబితాల్లోంచీ ఒకేసారి జారిపోయాడు. చెప్పమన్నది నేను. పద్ధతి తెలిసి ఉండీ చెప్పమన్నాను. మరింకేం చెప్పమంటాను?

సున్నాలు నలభై రెండయ్యాయి. బెంచీ మీదవాళ్ళని కూడా మార్చమని బావని పంపాను. ఆయన వెళ్ళి చెప్తే వాచీల రిపేరతను ఒప్పుకోలేదు.

"నీకేం బాబూ, నెల రోజులు మర్యాదలన్నీ చేయించుకున్నావు. మా దగ్గరకి ఇప్పుడిప్పుడే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు" అన్నాడట.

ఒక్క ఆశ మిగిలింది. ఆ నలభై ఇద్దరూ అలవాటు ప్రకారం అడ్డంగానే మాట్లాడతారు కదా. మా పార్టీ ఇప్పుడు వంతెన కాబట్టి మాతో గేటు అంటారు. అలాగే అన్నారు. ఆరో వారం సర్వేలో నలభై రెండు సున్నాల్లో నలభై గేటు కావాలన్నాయి. కాగితం తీసుకుని మాష్టారి గదికి ఒక్క పరుగున వెళ్ళాను.

"మాష్టారూ, సున్నాలు గేటు అంటున్నాయి. సున్నాలేం అడిగితే మనం అది అన్నారు. వెనక్కి తిప్పండి."

ఆయన కాగితం చూశాడు. చాలాసేపు చూశాడు. నా ప్రాణం పెన్సిలు మొన మీద ఉంది.

"కుదరదమ్మా" అన్నాడు చివరికి. "పుస్తకం అచ్చయిపోయింది, మొన్న మంగళవారం. అయినా ఒకసారి మారితే పరిణతి. నెలలో రెండుసార్లు మారితే జనం గమనిస్తారు."

"ఎవరు గమనిస్తారు?"

"అదీ నిజమే" అన్నాడు. "కానీ అచ్చయిపోయింది."

ఎదుటి పార్టీ పుస్తకం ఇంకా అచ్చుకి వెళ్ళలేదు. వాళ్ళకి తీరిక దొరికింది. గేటు అన్నందుకు ఆ నలభై ఇద్దరూ వాళ్ళతో వంతెన కావాలన్నారు. వాళ్ళు వెంటనే వంతెనకి తిరిగిపోయారు. శనివారం గేటు పడ్డప్పుడు మైకు బండి ఆగి, అదే గొంతుతో, మళ్ళీ "వంతెన మన హక్కు" అంది. ఈసారి డ్రైవరు దినపత్రికలోంచి తలెత్తి ఒకసారి మైకు వంక చూశాడు. తర్వాత పేజీ తిప్పుకున్నాడు.

అలా రెండు పార్టీలూ వంతెన దగ్గర కలుసుకున్నాయి. గేటుకి ఎవరూ మిగల్లేదు. ఆ ఊళ్ళో ఎంతమందికి గేటు కావాలో, ఎంతమందికి వంతెన కావాలో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. అడిగింది ఆ నలభై ముగ్గుర్నే, వాళ్ళలో, చివర్లో మా బావ తప్ప, ఒక్కరూ అడిగినదానికి జవాబు చెప్పలేదు.

అక్కకి చెప్పాలి. చెప్పలేదు. గోడకి అంటించిన మా పాత కాగితం అలాగే ఉంది, దాని వంక చూడకుండా టీ తాగి వచ్చేసేదాన్ని. కొత్త పుస్తకం ఇస్తే అక్క "నువ్వు రాసిందేగా, నాకు తెలుసులే" అని చదవకుండా మిషను సొరుగులో పెట్టుకుంది. బావ కూడా చెప్పలేదు. ఆయన బెంచీ మీద ఒక పక్కకి జరిగి కూర్చుంటున్నాడు. కుర్చీలు వేసుకుని వచ్చేవాళ్ళు ఆయన్ని దాటి వాచీల అతని ఎదురుగా కూర్చుంటున్నారు.

పోలింగు రోజు బావ లోపలికెళ్ళి చాలాసేపటికి బయటికొచ్చాడు.

"ఎవరికేశావు?" అన్నాను.

"గేటుకి ఎవరూ నిలబడలేదే" అన్నాడు.

మేము గెలిచాం. పంతొమ్మిది ఓట్లతో. లెక్కల మాష్టారిని అందరూ భుజాలకెత్తుకున్నారు. మర్నాడు పదకొండు గంటలకి ఊరేగింపు, దాని చివర మీటింగు. పదిహేను కార్లు, వాటి ముందు ఓపెన్ జీపులో పెద్దాయన, పక్కన మాష్టారు, వెనక సీట్లో ఫైలు పట్టుకుని నేను. జనం చేతులు పట్టుకు లాగి, కావలించుకుని, పెద్దాయన చొక్కా నలిపి పిప్పి చేశారు. సరిగ్గా రైల్వే గేటు దగ్గరకి వచ్చేసరికి గేటు పడింది.

పెద్దాయన కిందికి చూసుకున్నాడు. మూడో బొత్తాం లేదు, పొట్ట కనిపిస్తోంది. ఎదురుగా బోర్డు. "గేటు లేచేలోపు ఇస్తాం."

"బాగుందే" అని దిగాడు. ఆయన వెనకే మాష్టారు, మాష్టారి వెనక నేను.

అక్క లేచి నిలబడింది. సిగ్నల్ వంక చూసింది. "ప్యాసింజరండీ. బొత్తామయితే అయిపోతుంది" అంది. సీసాలోంచి అదే రంగు బొత్తాం ఏరి, సూదిలో దారం ఎక్కించి, ఆయన పొట్ట మీద చొక్కా పట్టుకుంది. పెద్దాయన ఊపిరి బిగబట్టాడు.

"ఇంకో ఏడాది ఓపిక పట్టమ్మా" అన్నాడు దయగా, బిగబట్టిన ఊపిరిలోంచే. "వంతెన వచ్చేస్తుంది. ఇలా ఎండలో ఎవరూ ఆగక్కర్లేదు."

సూది ఆగింది.

"మీరు గేటు ఉంచుతామన్నారు కదండీ" అంది అక్క. "అందుకే మీకేశాను. నేనెప్పుడూ మీకే వేస్తాను."

పెద్దాయన మాష్టారి వంక చూశాడు. మాష్టారు నా వంక చూశాడు.

"అన్నామా?" అన్నాడు పెద్దాయన.

అలా అడిగినప్పుడు లేదండీ అని చెప్పడానికే పద్దెనిమిదేళ్ళుగా నాకు జీతమిస్తున్నారు. అక్క నా వంక చూడటంలేదు, చొక్కా వంకే చూస్తోంది.

"అన్నామండీ" అన్నాను. "నేనే రాశాను. నాలుగు వేలు పంచాం. అదిగో, గోడకుంది."

పెద్దాయన తల తిప్పి గోడ మీది కాగితం చదివాడు. మొత్తం చదివాడు. "బాగా రాశావమ్మా" అన్నాడు. తర్వాత మాష్టారి చెవి దగ్గరకి వంగాడు గానీ, కొట్టు ఎంతుందని, అందరికీ వినిపించింది.

"ఈమె మనవాళ్ళేనా?"

"ఎప్పుడూ టిక్కేనండీ."

"అయితే ఇబ్బంది లేదు" అన్నాడు పెద్దాయన. ఆ మాటలో కోపంగానీ వెటకారంగానీ లేవు. నిజంగానే ఆయన మనసు కుదుటపడింది. నా ఒళ్ళు మండిపోయింది, ఆయన మీదో, మాష్టారి మీదో, ఆ టిక్కు కొట్టిన నా చెయ్యి మీదో తెలీలేదు.

అక్క సూది మళ్ళీ కదిలింది. నాలుగు కుట్లు, అయిదు కుట్లు. రైలు పోయింది. గేటు గంట మోగింది. అక్క వంగి దారం పళ్ళతో తెంపింది. పెద్దాయన బొత్తాం పెట్టుకుని, పొట్ట తడుముకుని, అక్క భుజం తట్టి వెళ్ళి జీపెక్కాడు. మాష్టారు నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. నేను వెళ్ళలేదు.

అక్క స్టూలు మీద కూర్చుంది. గోడ వంక చూడలేదు, నా వంకా చూడలేదు. తిడుతుందేమో అని చూశాను, తిడితే బాగుండును.

"ఒసేయ్, ముడెయ్యలేదే" అంది.

"ఏంటక్కా?"

"దారానికి ముడెయ్యలేదే. కావాలనే. తెంపి వదిలేశాను. మీటింగుకి వెళ్ళేలోపు ఊడిపోతుంది." అంటూనే మొహం చేతుల్లో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. "ఇన్నేళ్ళలో ముడెయ్యకుండా ఒక్క బొత్తాం పంపలేదే ఈ కొట్లోంచి. ఒక్కటి! ఎంత పాడు పని చేయించారే నాతో!"

బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి ధైర్యం చాలక అక్కడే ఉన్నాడు.

"పరిగెత్తవే" అంది అక్క, కళ్ళు తుడుచుకోకుండానే. "ఆపవే ఆయన్ని. రెండు నిమిషాల పని."

పరిగెత్తాను. గేటు లేచి ఉంది. జీపు అప్పటికే పట్టాలు దాటుతోంది. రోడ్డు మధ్యకెళ్ళి రెండు చేతులూ ఊపుతూ "ఆపండి, ఆపండి" అని అరిచాను. వెనక వస్తున్న మా పార్టీ కార్లే, మా ఆఫీసువాళ్ళే, నన్ను చూసి నవ్వుతూ చేతులు ఊపి, పక్కనుంచి ఒక్కొక్కటే దాటిపోయాయి. పదిహేనూ పోయాయి.

తిరిగొచ్చేసరికి అక్క మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుని, చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి రోడ్డు వంక చూస్తోంది.